టంకం పొగలో వినిపించిన బేస్ లైన్

మొన్న ఆదివారం గరాజ్‌లో కూర్చుని మా అమ్మాయి బేస్ గిటార్ కేబుల్ బాగుచేస్తున్నాను. ముట్టుకుంటే గరగరమంటోంది, వదిలేస్తే అసలు పలకడం లేదు. జాక్ విప్పి చూస్తే లోపల వైరు తెగి ఒక్క పోగు మీద వేలాడుతోంది. పాత టంకం కరిగించి తీసేసి, వైరు కొన ఒలిచి, కొత్త తీగ తాకించగానే సన్నగా పొగ లేచింది. సాంబ్రాణికి దగ్గరగా ఉండి, కొంచెం చేదు కలిసిన వాసన. చాలా ఏళ్లయింది ఆ వాసన పీల్చి.

లోపల గదిలో అమ్మాయి ఆంప్ లేకుండా వట్టి తీగల మీదే ప్రాక్టీస్ చేసుకుంటోంది. వాళ్ల స్కూల్ జాజ్ బ్యాండ్ స్ప్రింగ్ కాన్సర్ట్‌కి ఏం వాయిస్తున్నారో నేను అడగలేదు. తలుపు సందులోంచి వినపడింది. పక్కపక్క మెట్లు మూడు ఎక్కి, నాలుగో మెట్టు మీద కాలు ఆనించి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ అదే నడక ఇంకొంచెం పైనుంచి. ‘కమీలియన్’. అమెరికన్ జాజ్ పియానో కళాకారుడు హెర్బీ హ్యాన్‌కాక్ ‘హెడ్ హంటర్స్’ ఆల్బమ్‌లో మొదటి పాట.

ముక్కులో ఆ వాసన, చెవిలో ఈ లైన్. రెండూ ఒకేసారి తగిలేసరికి సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టేసి అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే నేను ఈ రెండింటినీ ఒకే గదిలో, ఒకే మనిషి దగ్గర నేర్చుకున్నాను.

*

ఎమ్మెస్ అయిపోయి మొదటి ఉద్యోగంలో చేరిన రోజులు. కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో ఒక కంపెనీ. పగలు తయారైన సర్క్యూట్ బోర్డుల్లో టెస్టు తప్పినవన్నీ రాత్రికి మా బల్లల మీదికి వచ్చేవి. ఎక్కడ తప్పుందో పట్టుకుని, బాగుచేసి, లాగ్ పుస్తకంలో చేత్తో రాసి, తెల్లారేసరికి వెనక్కి పంపాలి. నైట్ షిఫ్టులో మేం నలుగురం. ఇద్దరు అవతలి గదిలో ఉండేవాళ్లు. ఇవతల నేనూ, ఆయనా.

ఆయన ఓక్లాండ్ మనిషి, నల్లజాతి ఆయన. నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద. పొడుగ్గా ఉండి, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉండేది. చిన్నప్పుడు చర్చిలో బేస్ వాయించేవారట, తర్వాత సైన్యంలో రేడియో రిపేరు నేర్చుకున్నారట. మొదటి రోజు నేను ‘సర్’ అంటే వద్దన్నారు. పేరు పెట్టి పిలవమన్నారు. ముప్పై ఏళ్లు పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. చివరిదాకా ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను. ఆయన మాత్రం నన్ను ‘యంగ్‌బ్లడ్’ అనేవారు. ఆ ప్రాంతపు పెద్దవాళ్లు కుర్రాళ్లని అలా పిలుస్తారని తర్వాత తెలిసింది.

ఆ గది చప్పుళ్లు ఇప్పటికీ చెప్పగలను. మూలనున్న ఓవెన్ ఫ్యాను హోరు రాత్రంతా ఆగేది కాదు. ఐరన్ మొన తడి స్పాంజికి తుడిచినప్పుడు చుయ్‌మనేది. పాత టంకం పీల్చే పంపు టక్కుమనేది. బల్ల మీద ఇంత వెడల్పు కాగితం పరిచి, దాని మీద స్కేలు పెట్టి సర్క్యూట్ వెంట నడిచేవాళ్లం. ఆ కాగితాలు ఇప్పుడెక్కడా కనపడవు.

రెండు గంటలకి భోజనం. నేను పులిహోరో, పప్పన్నమో, పక్కన గోంగూర పచ్చడో తెచ్చుకునేవాణ్ని. ఆయన డబ్బాలో మొక్కజొన్న రొట్టె, ఉడికించిన ఆకుకూర ఉండేవి. ఆకుకూర మీద వెనిగర్ చల్లుకునేవారు. ఒకరోజు గోంగూర రుచి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా తిని, “మీ అమ్మకీ మా అమ్మకీ పరిచయం చేయాల్సింది” అన్నారు. ఆ తర్వాత మా అమ్మ పంపిన సీసాలో సగం ఆయనకే వెళ్లింది.

*

క్యాసెట్ ఆయనది. 90 నిమిషాల టేపు. ‘హెడ్ హంటర్స్’ మొత్తం కలిపి నలభై రెండు నిమిషాల లోపే. ఒక వైపు సరిగ్గా సరిపోతుంది. రెండో వైపు ఆ మరుసటి ఏడాది వచ్చిన ‘థ్రస్ట్’. తన సొంత ఎల్పీల నుంచి ఎక్కించుకున్నారు.

నేను అప్పటిదాకా విన్నది ఆకాశవాణి విజయవాడ కేంద్రం, ఇంట్లో క్యాసెట్లు. పాటంటే మాట. మాట కోసమే వినేవాణ్ని. వాద్యాలు ఆ మాటను మోసుకొచ్చే బండి అనుకునేవాణ్ని. అలాంటి నాకు పదిహేను నిమిషాల పైచిలుకు పాట, ఒక్క మాటా లేకుండా. అయిదు నిమిషాలయ్యాక “పాడేది ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగాను. ఆయన నవ్వలేదు. టేపు వెనక్కి తిప్పి, డెక్ నుంచి వైరు లాగి స్కోప్‌కి, అంటే కరెంటు అలల్ని తెర మీద గీతగా చూపించే ఆసిలోస్కోప్‌కి, తగిలించారు.

ఆ దృశ్యం నేను మర్చిపోలేను. ‘కమీలియన్’ మొదట్లో ఇంకేమీ ఉండదు, ఆ బేస్ లైన్ ఒక్కటే. చీకటి తెర మీద పచ్చగీత లేచింది. రంపపు పళ్లలా. ప్రతి స్వరం మొదలవగానే పళ్లు పదునుగా లేచి, వెంటనే మొద్దుబారి గుండ్రంగా అవుతున్నాయి. “పదునుగా ఉన్నప్పుడు ఫిల్టర్ తెరుచుకుంది. గుండ్రంగా అయినప్పుడు మూసుకుంటోంది. నీ చెవికి ‘వావ్’ అని వినపడేది ఇదే” అన్నారు. అది బేస్ గిటార్ కానే కాదని అప్పుడే తెలిసింది. ఆర్ప్ ఒడిస్సీ అనే సింథసైజర్, సర్క్యూట్లతోనే స్వరం పుట్టించే కీబోర్డు. లోపల వోల్టేజీ ఒక్క వోల్టు పెరిగితే స్థాయి మారి అదే స్వరం పైన పలుకుతుంది. ఎమ్మెస్‌లో ఇలాంటి సర్క్యూట్లు కాగితం మీద ఎన్నో గీశాను. ఒక మనిషి వేలికింద అది నడుము ఊగేలా చేస్తుందని ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి డ్రమ్స్ చేరగానే గీత చెదిరిపోయింది. ఇక స్కోప్ పనికిరాదు. “ఇక్కణ్నించి చెవులే” అని వైరు పీకేశారు.

*

ఆయన పెట్టిన పద్ధతి ఏమిటంటే, రాత్రికి ఒకరినే వినాలి. అయిదుగురు వాయించారు కాబట్టి అయిదు రాత్రులు. చేతులు బోర్డు మీద, చెవి ఒకే మనిషి మీద.

మొదట డ్రమ్స్, హార్వీ మేసన్. ఎక్కడ కొట్టాడో కాదు, ఎక్కడ కొట్టలేదో లెక్కపెట్టమన్నారు. నేను నిజంగానే కాగితం మీద గీతలు గీశాను. ఎప్పుడైనా తోచదనిపిస్తే ఇప్పటికీ అలాగే వింటాను.

రెండో రాత్రి పాల్ జాక్సన్. ఈయన పేరు చెప్పినప్పుడు మాత్రం గొంతు మారేది. “మా ఊరివాడు” అనేవారు. ఓక్లాండ్‌లోనే పుట్టిన మనిషి. ‘కమీలియన్’లో బేస్ లైన్ సింథసైజర్ తీసేసుకుంటే బేస్ వాయించేవాడు ఏం చేయాలి? తీగల పైకొసకి వెళ్లి, గిటార్‌లాగా చిన్నగా గీరుతూ కూర్చున్నాడు. నేను అన్నాళ్లూ అది గిటార్ అనుకున్నాను. ఆల్బమ్ మొత్తంలో గిటారే లేదు. హ్యాన్‌కాక్ కావాలనే పెట్టుకోలేదు. ఆ పని క్లావినెట్‌తో తనే చేశాడు. అది కీబోర్డే గాని, కీ నొక్కితే అడుగున రబ్బరు మొన ఒక తీగను నొక్కిపడుతుంది. గిటార్‌కి ఉన్నట్టే పికప్ ఆ మోతను అందుకుంటుంది. ఈ సంగతి ఆయన పాత ఇన్‌వాయిస్ వెనక పెన్సిల్‌తో బొమ్మ గీసి చెప్పారు.

మూడో రాత్రి బిల్ సమర్స్. కాంగాలు, గుమ్మడికాయ బుర్రకు పూసలు అల్లిన షెకెరే, ఇంకా ఎన్నెన్నో. బీరు సీసా కూడా. దాని గురించి విడిగా చెప్పాలి.

నాలుగో రాత్రి బెన్నీ మాపిన్. ఈ రాత్రికి పాట కూడా మార్చారు. చివరి పాట ‘వీన్ మెల్టర్’ పెట్టారు. చాలా నెమ్మది. డ్రమ్ము ఒకటే నడక, ఎక్కడికో దూరంగా పోతున్న ఊరేగింపులాగా. దాని మీద బేస్ క్లారినెట్. తెల్లవారుజామున నాలుగింటికి, కళ్లు మండుతుంటే, ఆ వాద్యం కింది స్వరాలు బల్ల చెక్కలోంచి మోచేతుల్లోకి వచ్చేవి. నాకు ఆల్బమ్‌లో అన్నిటికంటే ఇష్టమైన పాట ఇదే. ఎక్కువమంది దీని గురించి మాట్లాడకపోవడం అన్యాయం అనిపిస్తుంది.

అయిదో రాత్రి హ్యాన్‌కాక్. అట్ట మీద పేరున్న మనిషి చివర్లో ఎందుకని అడిగాను. “ఆయన్నే ముందు వింటే మిగతా నలుగురినీ వినవు” అన్నారు. ఆ రాత్రి ‘కమీలియన్’లో ఏడున్నర నిమిషాలు దాటాక దారి మారే చోటు మొదటిసారి పట్టుకున్నాను. ఆ లైన్ వెనక్కి తగ్గుతుంది. ఫెండర్ రోడ్స్ పియానో వస్తుంది. చిన్న సుత్తి సన్నటి లోహపు కడ్డీని కొడితే పుట్టే నాదం, గుడి గంట మోగి ఆగాక మిగిలే మోతలాంటిది. అప్పటిదాకా వీధిలో నడిచిన పాట చెరువులోకి దిగినట్టుంటుంది.

నాలుగు రాత్రులు విడివిడిగా విన్నవాళ్లందరూ ఆ రాత్రి ఒకేసారి వినపడ్డారు. చేతిలో బోర్డు పక్కన పెట్టేశాను. ఆయన చూసి ఏమీ అనలేదు. నా వంతు రెండు బోర్డులు తన వైపు లాక్కున్నారు.

*

సీసా సంగతి. రెండో పాట ‘వాటర్‌మెలన్ మ్యాన్’ మొదట్లో బిల్ సమర్స్ బీరు సీసాలోకి ఊదుతూ, ఊదుకీ ఊదుకీ మధ్య గొంతుతో కూస్తాడు. ఒకే మనిషి ఊపిరి సీసాకి సగం, గొంతుకి సగం. మధ్య ఆఫ్రికా అడవుల్లో ఉండే బాబెంజెలే ప్రజల సంగీతం అది. ఒకే స్వరం పలికే చిన్న పిల్లనగ్రోవితో వాయిస్తారు. ‘హిండెవూ’ అంటారు. సిమా అరోమ్ అనే పరిశోధకుడు 1960లలో రికార్డు చేసిన ఎల్పీ ద్వారా ఆ ధ్వని బయటి ప్రపంచానికి చేరింది. తర్వాత 1994లో మడోన్నా పాట ఒకదానిలో ఇదే ‘వాటర్‌మెలన్ మ్యాన్’ ముక్క వాడారు. పాట చేతులు మారినప్పుడల్లా అడవిలో దాన్ని పుట్టించినవాళ్లు ఇంకా వెనక్కి పోతారని స్టీవెన్ ఫెల్డ్ అనే సంగీత పరిశోధకుడు రాశారు. ఈ ఆల్బమ్ మీద నాకెంత ప్రేమ ఉన్నా, ఆ మాట న్యాయమైనదే అనుకుంటాను. ఆ మొదటి నిమిషం విన్నప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు. గుర్తు రావాలి కూడా.

అసలు పాట 1962 నాటిది. హ్యాన్‌కాక్ సొంతంగా చేసిన మొదటి ఆల్బమ్ ‘టేకిన్ ఆఫ్’లోది. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. షికాగోలో చిన్నప్పుడు వాళ్ల సందుల్లో పుచ్చకాయల బండి వచ్చేదట. రాళ్లు పరిచిన దారి మీద చక్రాలు దొర్లే చప్పుడూ, ఆడవాళ్లు బండివాణ్ని కేకేసి పిలిచే తీరూ కలిపి పాట కట్టారు. క్యూబా నుంచి వచ్చిన మాంగో సాంటమారియా దాన్ని మరుసటి ఏడాది వాయిస్తే పెద్ద హిట్టయింది. పదేళ్లకి హార్వీ మేసన్ దాన్ని విప్పి, నెమ్మది చేసి, మళ్లీ బిగించారు.

ఈ కథ ఆయన చెప్పిన రాత్రి నేను మా ఊరి కథ చెప్పాను. విజయవాడలో ఎండాకాలం మధ్యాహ్నం, వీధి వీధంతా తలుపులు మూసుకున్న వేళ, పుచ్చకాయల తోపుడు బండి వచ్చేది. బండతను కాయకి మూడు పక్కలా కత్తి దింపి, ముక్కోణం ముక్క బయటికి లాగి, ఎరుపు చూపించేవాడు. ఎరుపు లేకపోతే డబ్బు తీసుకోడు. మా అమ్మమ్మ ఆ ముక్క వాసన చూసి గాని బేరం మొదలుపెట్టేది కాదు. ఆయన అంతా విని “ఎలా కేకేసేవాడు? కేకెయ్యి” అన్నారు. నేను సిగ్గుపడుతూనే “పుచ్చకాయోయ్” అని సాగదీసి అరిచాను. అవతలి గదిలోవాళ్లు తలుపు తీసి చూశారు. ఆయన రెండు వేళ్లతో బల్ల మీద దరువు వేస్తూ ఆ కేకని మళ్లీ మళ్లీ అనిపించారు.

*

ఆ సంగీతం ఎక్కణ్నించి వచ్చిందో కూడా ఆయన దగ్గరే ముక్కలు ముక్కలుగా తెలుసుకున్నాను. హ్యాన్‌కాక్ పదకొండేళ్ల వయసులో షికాగో సింఫనీతో కలిసి మోట్సార్ట్ వాయించిన పిల్లాడు. ఇరవై మూడేళ్లకి జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో చేరినవాడు. ఆ తర్వాత ‘మ్వాండిషి’ అనే పేరుతో సొంత బృందం. ఆకాశంలో తేలిపోయే సంగీతం, అంతూ పొంతూ ఉండదు. ఖర్చు ఎక్కువ, వినేవాళ్లు తక్కువ. 1973లో దాన్ని మూసేసి, మాపిన్‌ని ఒక్కణ్నే ఉంచుకుని, కొత్త మనుషులతో కాళ్లు నేలకి ఆనించాడు. అప్పటికే బౌద్ధం పట్టుకుని రోజూ ‘నమ్ మ్యోహో రెంగే క్యో’ అని జపం చేసేవాడు. ఆ జపంలో ఉండగానే స్లై స్టోన్ అనే గాయకుడి పాటలాంటి ఫంక్, అంటే లయే ప్రధానమైన నృత్య సంగీతం, తనూ వాయించాలన్న ఆలోచన వచ్చిందని హ్యాన్‌కాక్ చెప్పుకున్నాడు. మూడో పాట పేరే ‘స్లై’. ఆ ‘నమ్’ మన ‘నమః’ అని నేను చెబితే ఆయన చాలా సంతోషించారు. లాగ్ పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నారు కూడా.

ఫంక్ వాయించడం తక్కువ పని అని అప్పటి జాజ్ అభిమానులు కొందరు ముఖం తిప్పుకున్నారు. డబ్బు కోసం అమ్ముడుపోయాడన్నారు. పైనుంచి కిందికి దిగిరావడం ఎప్పుడూ తేలికే అనుకుంటారు గాని, ఆ ఖాళీలు ఎక్కడ వదలాలో తెలియాలంటే ముందు అన్నీ వాయించి ఉండాలి. నాకు సంగీతం రాదు, కానీ ఈ ఒక్క విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను.

*

బర్క్‌లీలో టెలిగ్రాఫ్ అవెన్యూ మీద అమీబా అనే రికార్డుల షాపు ఉంది. ఒక శనివారం అక్కడ పాత ఎల్పీల డబ్బాల్లో వెతికి నా సొంత ‘హెడ్ హంటర్స్’ కొనుక్కున్నాను. అట్ట మీద హ్యాన్‌కాక్ మొహం ఉండదు. ఐవరీ కోస్ట్‌లోని బౌలే జాతివాళ్ల ముసుగు ఆకారంలో గుండ్రటి తల, కీబోర్డు ముందు కూర్చుని ఉంటుంది. వెనకాల మిగతా నలుగురూ. ఇంట్లో అప్పటికి రికార్డ్ ప్లేయర్ లేదు. ఏడాది పాటు ఆ అట్ట గోడకే ఆనించి ఉంది. రూమ్మేట్లు నలుగురూ రోజూ దాని పక్కనే కూర్చుని అన్నం తినేవాళ్లు.

ఆ ఆల్బమ్ అమెరికా పాపులర్ చార్టులో 13వ స్థానం దాకా వెళ్లింది. జాజ్ వాళ్లకి అది మామూలు విషయం కాదు. 2007లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చి భద్రపరిచింది. హిప్‌హాప్ వాళ్లు ముక్కలు ముక్కలుగా తీసుకుని తమ పాటలు కట్టుకున్నారు. ఇవన్నీ గొప్పే. కానీ దాని బతుకు నాకు కనపడేది స్కూలు బ్యాండ్ గదుల్లో. ‘కమీలియన్’లో ఎక్కువ భాగానికి రెండే రెండు కార్డ్స్, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు. లైన్ పట్టుకుంటే చాలు, పన్నెండేళ్ల పిల్లలు కూడా నిలబడి సోలో వాయించేయొచ్చు. 1974లోనే ట్రంపెట్ వాద్యకారుడు మేనార్డ్ ఫెర్గూసన్ దాన్ని పెద్ద బ్యాండుకి తగ్గట్టు వాయించేసరికి ట్రంపెట్లకీ ట్రాంబోన్లకీ కూడా చోటు దొరికింది. మా అమ్మాయి బ్యాండులో చైనా పిల్లలు, మెక్సికో పిల్లలు, పంజాబీ పిల్లలు, మావాళ్లు ముగ్గురు. అందరికీ ఆ లైన్ ఎక్కాల్లాగా వచ్చు.

*

మా కంపెనీ రెండేళ్లకి ఆ పని వేరే దేశానికి పంపేసింది. నాకు పగటి ఉద్యోగం దొరికింది. ఆయన రిటైరయ్యారు. చివరి రాత్రి టేపు నా చేతిలో పెట్టి, “ఇంట్లో ఎల్పీ ఉందిలే” అన్నారు. కొన్నేళ్లు క్రిస్మస్‌కి ఫోన్ చేసుకున్నాం. పెళ్లి, ఇల్లు, పిల్లలు, రెండు సంవత్సరాలు నేను చేయలేదు. మూడో ఏడు చేస్తే ఆ నంబరు లేదు. ఓక్లాండ్ ఎంత దూరం, ముప్పావు గంట. వెళ్లి వెతకాల్సింది. వెళ్లలేదు. ఆ బాధ ఇప్పటికీ అలాగే ఉంది.

పాల్ జాక్సన్ 2021లో జపాన్‌లో పోయారు. 1985 నుంచీ అక్కడే ఉండేవారు. ఆ వార్త చదివిన రాత్రి ఫోన్ తీసి, ఎవరికి చేయాలో తెలియక మళ్లీ పెట్టేశాను. ఆ వారాంతం అమ్మాయిని తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాను. మిషన్ పేటలో 19వ వీధిలో ‘డిఫరెంట్ ఫర్’ స్టూడియో ఉంది. ఆ ఆల్బమ్ రికార్డు చేసిన రెండు స్టూడియోల్లో అది ఒకటి. గుమ్మం ముందు కాసేపు నిలబడ్డాం. ఇక్కడ ఏముంది నాన్నా అంది. అప్పటికి దానికి బేస్ గిటార్ లేదు. ఏదో చెప్పాను, సరిగా చెప్పలేకపోయాను.

*

టంకం చల్లారాక జాక్ బిగించి, మల్టీమీటర్ పెట్టి చూశాను. బీప్‌మంది. వైరు ఊపి చూశాను, మళ్లీ బీప్‌మంది. అమ్మాయిని పిలిచి కేబుల్ ఇచ్చాను. ఆంప్ గరాజ్‌లోకే తెచ్చుకుని తగిలించి, ఆ లైన్ వాయించింది. తొందరపడుతోంది. ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకి పోతోంది. నేనేమీ అనలేదు.

డ్రాయర్ అడుగునుంచి టేపు తీశాను. పాత డెక్‌లో పెడితే తిరగలేదు. మూత విప్పితే లోపల రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంది. వేళ్లకి నల్లగా అంటింది, ఎంత తుడిచినా పోదు. అమ్మాయి ఈలోగా టేపు డబ్బా తిప్పి చూస్తోంది. లోపలి కార్డు మీద ఆయన పెన్సిల్‌తో, ఇంజనీరింగు డ్రాయింగులో రాసినట్టు నిటారు అక్షరాల్లో, అయిదు పేర్లు వరసగా రాశారు. మేసన్ మొదట. హ్యాన్‌కాక్ ఆఖర్న.

“నాన్నా, ఇది హెర్బీ హ్యాన్‌కాక్ ఆల్బమే కదా, ఆయన పేరు అడుగున రాశారేంటి?” అంది.

హాల్లోకి వెళ్లి షెల్ఫులోంచి ఎల్పీ తీశాను. తనని బేస్ పక్కన పెట్టి వచ్చి కూర్చోమన్నాను.